నిద్రగన్నేరు కింద వెడల్పాకు గడ్డి: ప్రాజెక్టు డైరీ

జూన్, తొలకరి పడ్డాక

రాజమండ్రిలో మా కాలనీ పార్కులో నిద్రగన్నేరు చెట్ల కింద ఒక వెడల్పాకు గడ్డి ఉంది, కొన్నేళ్ళుగా మెల్లగా పాకుతూ ఇప్పుడు నీడ పడే మేరంతా పరుచుకుపోయింది, అదేంటో తేల్చే పని ఈ వానాకాలానికి నేను నెత్తినేసుకున్నా. మొన్న కమిటీ మీటింగ్‌లో సగం మంది ఇది కలుపండీ, మందు కొట్టించి కొత్త లాన్ వేయిద్దాం అన్నారు, మిగతా సగం పచ్చగా బానే ఉందిగా ఎందుకు డబ్బులు తగలేయడం అన్నారు. అది ఏ గడ్డో మాత్రం ఎవరికీ తెలీదు. ఏంటో తెలీకుండానే చంపుదామా ఉంచుదామా అని చేతులెత్తడం నాకు అస్సలు నచ్చలేదు. ఈ సీజన్ అయ్యేదాకా ఆగండి, చూసి చెప్తా అన్నా, ప్రెసిడెంట్ గారు సరే కానీయండి మాస్టారూ అన్నారు.

సామాను పెద్దగా ఏం లేదు. స్కూల్ ల్యాబ్‌లో వాడే 10ఎక్స్ హ్యాండ్ లెన్స్, గ్రాఫ్ పేపర్, గుండుసూదులు, పాత న్యూస్‌పేపర్ల కట్ట, రెండు ప్లైవుడ్ చెక్కలు, ఫోన్. అన్నిటికన్నా ముందు కావాల్సింది మాత్రం గడ్డికి వెన్ను రావడం. ఆకు చూసి గడ్డి పేరు చెప్పేవాళ్ళని నేను పెద్దగా నమ్మను, నీడలో ఒకలా ఎండలో ఒకలా మెషిన్ తగిలాక ఇంకోలా ఉంటుంది ఆకు. మా పార్కులో చిక్కేంటంటే గడ్డి కాస్త లేస్తే చాలు తోట చూసే తాత మెషిన్ పెట్టేస్తాడు, వెన్ను బైటికొచ్చే ఛాన్సే ఉండదు. తాతా, ఈ చెట్టు కింద మూల ఒక్కటీ కోయకు అంటే, "కొయ్యకపోతే ప్రెసిడెంటు గారు నన్నంటారండి బాబూ" అన్నాడు. ప్రెసిడెంట్ గారి చేతే చెప్పించి, నాలుగు వైపులా ఇటుకలు పేర్చి, కర్రకి అట్టముక్క కట్టి "గడ్డి కోయరాదు" అని రాసి పెట్టా.

ఫోన్ యాప్‌లో కూడా ఆకు ఫోటో పెట్టి చూశా. ఒక ఫోటోకి ఒక పేరు, పక్కనుంచి తీసిన ఇంకో ఫోటోకి ఇంకో పేరు చెప్పింది. ఆ పేర్లన్నీ నోట్‌బుక్‌లో రాసుకున్నా, అనుమానితుల లిస్టుగా పనికొస్తాయి.

జూలై మొదట్లో

వానలు బాగా పడుతున్నాయి, గడ్డి రోజురోజుకీ తేడా తెలిసేలా సాగుతోంది. పువ్వు వచ్చేలోపు ఆకు, కాండం, కణుపు చూసుకుందామని కూర్చున్నా.

ముందు తుంగ కాదని తేల్చుకోవాలి, ఇది పిల్లలకి కూడా నేర్పిస్తా. కాండాన్ని వేళ్ళ మధ్య పెట్టి తిప్పితే తుంగది మూడు పలకలుగా తగులుతుంది, కణుపులు కనపడవు. దీనికి కణుపులు స్పష్టంగా ఉన్నాయి, కాబట్టి గడ్డే. కానీ మామూలు గడ్డి కాండం గుండ్రంగా దొర్లుతుంది, ఇది దొర్లదు, బల్లపరుపుగా నొక్కినట్టు ఉంటుంది, ఆకు తొడుగు కూడా నడిమి మడతతో చపటగా ఉంది. ఇది పెద్ద క్లూ. గరికకీ ఊదగడ్డికీ ఇంత చపట కాండం ఉండదు.

నేలమీద పాకే తీగ ఒకటి జాగ్రత్తగా లాగి చూశా. ప్రతి కణుపు దగ్గరా వేళ్ళు దిగాయి, పైకి ఒక పిలక లేచింది. లోపలికి తవ్వి చూస్తే భూమిలో దొండకాయంత లావు దుంపకాండాలేం లేవు, అంతా పైపైనే పాకుతోంది. ఆకు వెడల్పు గ్రాఫ్ పేపర్ మీద పెట్టి కొలిస్తే 8 నుంచి 13 మిల్లీమీటర్ల మధ్య, పొడవు బెత్తెడు లోపే, చివర గరికలాగా సూదిగా ఉండదు, మొద్దుగా వచ్చి అక్కడ చిన్న మొన. అంచుల్లో అక్కడక్కడా పల్చగా నూగు.

లిగ్యూల్ కూడా చూశా. ఆకు పరక కాండాన్ని వదిలే చోట తొడుగుని మెల్లగా వెనక్కి వంచితే లోపలి వైపు కనపడుతుంది. దీనికి అర మిల్లీమీటర్ కూడా లేని పల్చటి పొర, దాని అంచున కుచ్చులాగా సన్నటి వెంట్రుకలు. లెన్స్ లేకపోతే ఉందనే తెలీదు.

ఇక్కడికి నా లిస్టులో మిగిలినవి: అమెరికా, ఆఫ్రికా తీరాల నుంచి వచ్చిన స్టెనోటాఫ్రమ్ సెకండేటమ్ (అమెరికాలో సెయింట్ ఆగస్టీన్ గడ్డి అంటారు), ఉష్ణమండల అమెరికా నుంచి వచ్చిన పాస్పాలమ్ కాంజుగేటమ్, దక్షిణ అమెరికా బహియా గడ్డి అంటే పాస్పాలమ్ నొటాటమ్, ఆక్సోనోపస్‌లో రెండు జాతులు, ఇంకా మన దగ్గరే నీడలో పెరిగే ఓప్లిస్మెనస్. చివరిది తప్ప అన్నీ సముద్రాలు దాటొచ్చినవే. పైన నీడనిస్తున్న నిద్రగన్నేరు కూడా మధ్య, దక్షిణ అమెరికాల చెట్టే, ఊరంతా మన చెట్టే అనుకుంటాం దాన్ని.

జూలై మధ్యలో, కడియం

కడియం వైపు నర్సరీలకి వెళ్ళొచ్చా, ఎలాగూ దగ్గరే. అసలు మా పార్కుకి ఇది ఎలా వచ్చుంటుందో చూద్దామని. లాన్ గడ్డి అమ్మే చోట వరసగా పలకలు పేర్చి ఉన్నాయి, సన్న ఆకుది ఒక రకం, మెత్తగా గుబురుగా ఉండేది ఒక రకం, దాని పక్కనే అచ్చం మా పార్కులోదే. ఏంటయ్యా ఇది అంటే "బఫెలో గ్రాస్ సార్, నీడలో ఏది వేసినా పోద్ది, ఇది మాత్రం నిలబడద్ది" అన్నాడు.

నీడ సంగతి అతను చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. బఫెలో అన్న పేరుతో మాత్రం ముందుకెళ్ళలేం. అమెరికా నడిబొడ్డు మైదానాల్లో పెరిగే సన్న ఆకు గడ్డి ఒకటి ఆ పేరుతోనే ఉంది, ఆస్ట్రేలియాలో స్టెనోటాఫ్రమ్‌ని అదే పేరుతో పిలుస్తారు, మలేషియా వైపు పాస్పాలమ్ కాంజుగేటమ్‌ని కూడా అలాగే అంటారు, మన నర్సరీల్లో ఇది. ఒక్క పేరు మీద ఇన్ని మొక్కలు తిరుగుతుంటే ఆ పేరుతో ఇంటర్నెట్‌లో వెతికి మెయింటెనెన్స్ టిప్స్ చదివేవాళ్ళు ఎంత తిప్పలు పడతారో, అమెరికా మైదానాల గడ్డికి నీళ్ళు తక్కువ చాలు, అది చదివి దీనికి నీళ్ళు ఆపేస్తే ఎండిపోతుంది.

ఒక పలక కొనుక్కొచ్చి రెండు కుండీల్లో వేశా, మా పార్కు గడ్డి తీగలు ఇంకో రెండు కుండీల్లో, గరిక ఇంకో రెండిట్లో. ఒక్కోదాంట్లో ఒకటి మామిడి చెట్టు నీడలో, ఒకటి డాబా మీద ఎండలో. గుర్తించే పనికి ఇది నేరుగా అక్కర్లేదు కానీ, రేపు కమిటీ వాళ్ళు అడిగేది పేరు కాదు, ఇది ఎలా నడుచుకుంటుంది అనే కదా.

జూలై ఆఖర్లో

కణుపుల మీద కూర్చున్నా ఇవాళ. సాయంత్రం వాన తెరిపిచ్చాక మంచి వెలుగుంది, తీగని అడ్డంగా పట్టుకుని లెన్స్ కంటికి ఆనించి తీగని దగ్గరికి తెచ్చా. కణుపు చుట్టూ తెల్లటి పొట్టి వెంట్రుకలు, దట్టంగా, బుల్లి కడియం తొడిగినట్టు. వేళ్ళు దిగిన పాత కణుపుల మీద ఇవి రాలిపోయి గోధుమ రంగు మిగిలింది, కాబట్టి తీగ చివర లేత కణుపులే చూడాలి. వరసగా వేరే వేరే చోట్ల నుంచి తెచ్చిన తీగలన్నిటికీ ఇదే. 

దీంతో స్టెనోటాఫ్రమ్ పక్కకి పోయింది, దాని కణుపులు నున్నగా ఉంటాయి, పైగా దాని ఆకు తొడుగు నుంచి విడిపడే చోట నొక్కుకుపోయి సన్నమవుతుంది, మెలి తిరిగినట్టు ఉంటుంది, ఇక్కడ అలా లేదు. ఆక్సోనోపస్‌లో సన్నాకు జాతి ఆక్సోనోపస్ ఫిస్సిఫోలియస్‌కి కూడా కణుపులు నున్నగానే ఉంటాయి, ఆకు వెడల్పు కూడా సుమారు 6 మిల్లీమీటర్లు దాటదు. కానీ ఆకునీ కణుపునీ బట్టే ఫైనల్ చెయ్యను, వెన్ను రానీ.

ఆగస్టు, స్కూల్ ల్యాబ్‌లో

ఓప్లిస్మెనస్ సంగతి తేల్చేశాం. దాని ఆకు ముడతలుగా అలలుగా ఉంటుంది కాబట్టి చూడగానే కాదని తెలుస్తుంది, అయినా తొమ్మిదో తరగతి పిల్లలకి ఒక మంచి ప్రయోగం దొరికిందని చేయించా.

ఎండతో ఆకులో చక్కెర తయారు చేసుకోవడంలో గడ్డుల్లో రెండు పద్ధతుల వాళ్ళున్నారు. వరి, గోధుమ లాంటివి సి3, జొన్న, మొక్కజొన్న, చెరకు, గరిక లాంటివి సి4. సి4 గడ్డి ముందు గాలిలోంచి కార్బన్ డయాక్సైడ్‌ని బయటి కణాల్లో పట్టుకుని, ఈనెల చుట్టూ ఉండే తొడుగు కణాల్లోకి తోసి అక్కడ గాఢంగా చేరుస్తుంది, చక్కెర తయారీ అక్కడే జరుగుతుంది. అందుకే ఎండా వేడీ ఉన్నప్పుడు వీటి జోరు ఎక్కువ, వెచ్చటి కాలపు గడ్డులు అని లాన్ వాళ్ళు పిలిచేవన్నీ దాదాపు ఇవే. ఓప్లిస్మెనస్ మాత్రం సి3.

మధ్యాహ్నం ఎండ బాగా తగిలాక ఆకులు కోసి, స్పిరిట్‌లో వేడినీళ్ళ గిన్నెలో పెట్టి పచ్చదనం దింపేసి (మంట దగ్గర స్పిరిట్ పెట్టకూడదు, నీళ్ళు వేరే కాచి తెచ్చుకున్నాం), కడిగి, అయోడిన్ చుక్కలు వేశాం. మైక్రోస్కోప్ కింద మా గడ్డి ఆకులో ఈనెల వెంట గీతలు గీతలుగా నల్లబడింది, ఈనెల మధ్య జాగా లేతగా మిగిలింది. పిండిపదార్థం ఈనెల చుట్టూ ఉన్న కణాల్లో చేరిందన్న మాట. బ్లేడుతో అడ్డకోత కోసిన ఒక పిల్లకి చాలా సన్నటి ముక్క వచ్చింది, దాంట్లో ఈనెలు ఎంత దగ్గర దగ్గరగా ఉన్నాయో, ఒక్కోదాని చుట్టూ పెద్ద కణాల ఉంగరం ఎలా ఉందో క్లియర్‌గా కనపడింది. పక్కన వరి ఆకు కోత పెట్టి చూపించా, అందులో ఈనెలు దూరం దూరంగా, ఆ పచ్చటి ఉంగరం లేకుండా. ఆ పిల్ల "సార్ మన వరి కూడా ఇలా చేస్తే ఎక్కువ పండుతుందా" అని అడిగింది, ప్రపంచంలో వరి మీద పనిచేసే సైంటిస్టులు సరిగ్గా ఇదే ప్రశ్న పట్టుకుని సి4 వరి కోసం ఏళ్ళ తరబడి పనిచేస్తున్నారు అని చెప్పా, నాకు చాలా ఆనందమేసింది.

దీనివల్ల ఓప్లిస్మెనస్ కొట్టేశాం. మిగతావన్నీ సి4లే కాబట్టి ఈ పరీక్షతో ఇంకేం తేలదు.

ఆగస్టు ఆఖర్లో

ఇటుకల లోపల వెన్నులు వచ్చాయి! తాతే ఇంటికొచ్చి చెప్పాడు, "మాస్టారూ మీ గడ్డి పూసిందండి".

సన్నటి కాడలు ఆకుల మీదికి జానెడు లేచాయి, కాడ చివర పుల్లల్లాంటి వేళ్ళు (నేలలో దిగే వేళ్ళు కాదు, చేతి వేళ్ళలా విడిపోయిన వెన్ను కొమ్మలు). దూరం నుంచి చూసి చాలామంది గరిక వెన్ను అనుకుంటారు, కానీ గరిక వేళ్ళన్నీ ఒకే చోట నుంచి విడిపోతాయి. వీటికి పైన రెండు వేళ్ళు జంటగా ఒకే చోట నుంచి, వాటికి కాస్త కిందగా ఇంకోటి విడిగా, కొన్నిటికి ఆ కింద ఇంకోటి కూడా. ఆ కిందున్న మూడోదే చాలా విషయాలు తేల్చేస్తుంది. పాస్పాలమ్ కాంజుగేటమ్‌కీ బహియా గడ్డికీ మామూలుగా రెండే వేళ్ళు, కాంజుగేటమ్‌వి దాదాపు అడ్డంగా చాచినట్టు, బహియావి వి ఆకారంలో. అరుదుగా వాటికీ మూడోది రావచ్చు కాబట్టి ఒక్క కాడ చూసి చెప్పకూడదు, ఇటుకల లోపల ఉన్నవన్నీ చూశా, మూడు ఉన్నవే ఎక్కువ, రెండే ఉన్నవి కొన్ని, నాలుగు ఉన్నవి అక్కడక్కడా.

కడియం పలక కుండీలో కూడా ఎండలో ఉన్నదానికి ఇవే వెన్నులు. రెండూ ఒకటే అనిపిస్తోంది.

వినాయక చవితి

పొద్దున్నే కాలనీ పిల్లలందరూ పత్రి కోసం పార్కు మీద పడ్డారు. గరిక కావాలి కదా, చెట్ల కింద ఎంత వెతికినా లేదు, ఒకబ్బాయి ఈ వెడల్పాకు గడ్డి చివర్లు తుంచి కట్టలు కట్టేస్తున్నాడు. నాన్నా అది గరిక కాదురా, గేటు దగ్గర ఎండ పడే చోట చూడు అని పంపించా. అక్కడ నిక్షేపంలా ఉంది గరిక.

ఆ తర్వాత పార్కంతా తిరిగి ఎక్కడ ఏది ఉందో పేపర్ మీద గీశా. చెట్టు గొడుగు అంచు ఎక్కడ పడుతుందో దాదాపు అక్కడే గరికకీ దీనికీ హద్దు. గరికని ఇది చంపిందని కమిటీలో ఒకరు గట్టిగా అన్నారు కానీ ఆ చెట్లు నిండుగా పెరిగాకే గరిక పల్చబడింది, గరికకి నీడ పడదు, ఖాళీ అయిన నేలలోకి ఇది వచ్చింది. ఎండ చోట రెండూ కలిసున్న దగ్గర మాత్రం గరికదే పైచేయిగా ఉంది ఈ పార్కులో.

మధ్యాహ్నం తమ్ముడు అట్లాంటా నుంచి వీడియో కాల్ చేశాడు. వాళ్ళ ఇంటి ముందు లాన్‌లోంచే గరిక తీసి పూజ చేసుకున్నారట. అక్కడ బెర్ముడా గడ్డి అని డబ్బులు పోసి వేయించుకునేది మన గరిక జాతే, అది ఆ దేశానికి మన వైపు ఖండాల నుంచి పోయి స్థిరపడ్డ గడ్డి. వాడి పక్కింటాయన లాన్ కూడా చూపించాడు, అది చైనా నుంచి పోయిన సెంటిపీడ్ గడ్డి. ఫ్రాంక్ మేయర్ అనే అమెరికా ప్రభుత్వ మొక్కల అన్వేషకుడు చైనాలో సేకరించిన విత్తనంతో 1916లో అక్కడికి చేరిందది. అటువి ఇటు, ఇటువి అటు. ఒక గడ్డి బైట నుంచి వచ్చిందన్నంత మాత్రాన దానిమీద కోపం పెట్టుకోవాల్సిన పని లేదని, అలాగని ఎక్కడ పడితే అక్కడ పాకనివ్వకూడదని నా అభిప్రాయం, అందుకే ఈ పార్కు దాటి అది ఎటు పోతోందో చూడటం నాకు పేరు తేల్చడమంత ముఖ్యం.

సెప్టెంబర్, స్పైక్‌లెట్

ఇవాళ్టి పని చాలా ఇష్టంగా చేశా, తీరిగ్గా రాస్తా.

ఒక వెన్ను వేలు తెచ్చి తెల్ల కాగితం మీద పెట్టి లెన్స్ కింద చూస్తే, సన్నటి మూడు పలకల ఈనె (ఆకు ఈనె కాదు, ఆ వేలి నడిమి పుల్ల), దానికి ఒక వైపునే రెండు వరసలుగా స్పైక్‌లెట్లు, అంటే గడ్డి పువ్వూ గింజా ఉండే బుల్లి పొట్లాలు, ఒకటి ఎడమకి ఒకటి కుడికి, ఈనెకి అతుక్కున్నట్టు ఒదిగి ఉన్నాయి. సూదితో ఒకటి విడదీసి గ్రాఫ్ పేపర్ మీద పెట్టి ఫోన్‌తో లెన్స్‌లోంచి ఫోటో తీసి జూమ్ చేశా. రెండున్నర మిల్లీమీటర్ల పొడవు, సన్నగా కోలగా, చివర మొన. పాస్పాలమ్ కాంజుగేటమ్‌ది అయితే దాదాపు గుండ్రంగా, రెండు మిల్లీమీటర్ల లోపు, అంచు చుట్టూ పొడుగాటి పట్టు వెంట్రుకల కుచ్చు ఉండాలి, ఆ కుచ్చుల వల్లే అది బట్టలకి అంటుకుని ఊళ్ళు తిరుగుతుంది. ఇక్కడ ఆ కుచ్చే లేదు, పక్కల్లో పల్చటి పొట్టి నూగు తప్ప. బహియా గడ్డిది గుండ్రం వైపు, నున్నగా మెరుస్తుంది, ఇంకా పెద్దది, పైగా దానికి నేలలో లావు కాండాలుంటాయి.

ఇంకా ఒక గుర్తు ఉంది, ఆక్సోనోపస్‌నీ పాస్పాలమ్‌నీ విడదీసేది అదే. స్పైక్‌లెట్ లోపల గింజని కప్పి గట్టి పెంకు లాంటి పొర ఉంటుంది, దాని వీపు ఉబ్బుగా ఉంటుంది. పాస్పాలమ్‌లో ఆ వీపు ఈనె వైపుకి తిరిగి ఉంటుంది, ఆక్సోనోపస్‌లో ఈనెకి అవతలి వైపు, అంటే బయటికి. చూడాలంటే స్పైక్‌లెట్‌ని పీకకుండా, ఈనె మీద ఉన్నది ఉన్నట్టే బయటి పొరని సూదితో తొలగించాలి, చెయ్యి వణక్కూడదు, ఊపిరి గట్టిగా వదిలితే ఎగిరిపోతుంది. ఫ్యాన్ ఆపేసి, చెమటలు కారుతుంటే ఒక్కోటీ చేశా. వీపు బయటికే ఉంది. అన్నిటికీ.

అంటే ఆక్సోనోపస్. ఇక రెండిట్లో ఏది? బయటి పొరలు రెండూ లోపలి గట్టి గింజపొర కన్నా ముందుకి సాగి చివర ఖాళీ మొనగా ఉంటే ఆక్సోనోపస్ కంప్రెస్సస్, దాదాపు సమానంగా ఉండి స్పైక్‌లెట్ కూడా చిన్నదైతే ఫిస్సిఫోలియస్. దీపం ముందు పెట్టి చూస్తే లోపలి గింజ నీడగా కనపడుతుంది, దాని చివరికీ బయటి మొనకీ మధ్య ఖాళీ స్పష్టంగా ఉంది. కణుపుల నూగు, ఆకు వెడల్పు, స్పైక్‌లెట్ సైజు, ఈ ఖాళీ మొన, అన్నీ ఒకే దిక్కు చూపిస్తున్నాయి.

ఆక్సోనోపస్ కంప్రెస్సస్. లాన్ భాషలో వెడల్పాకు కార్పెట్ గడ్డి.

వెస్టిండీస్ తిరిగొచ్చిన స్వీడన్ వృక్షశాస్త్రవేత్త ఓలోఫ్ స్వార్ట్జ్ దీన్ని 1788లో మిలియం కంప్రెస్సం అని వర్ణించాడు, 1812లో ఫ్రెంచ్ శాస్త్రవేత్త పాలిసో ద బోవా ఆక్సోనోపస్‌లోకి మార్చాడు. అమెరికా ఖండాల వెచ్చటి ప్రాంతాలు దీని సొంతూరు. ఇప్పుడు ఆఫ్రికా, ఆసియా, ఆస్ట్రేలియా, పసిఫిక్ దీవులు అన్నిచోట్లా ఉంది, సింగపూర్ పార్కుల్లో ఎక్కడ చూసినా ఇదే, కేరళలో కొబ్బరి తోటల కింద బాగా పరుచుకుంటుంది.

అక్టోబర్

సేకరించినవి ప్రెస్ చేస్తున్నా. ఒక్కో షీట్‌కి పాకే తీగ, లేత కణుపులు, వేళ్ళు, వెన్ను అన్నీ ఉండేలా తీసుకున్నా, వెన్ను లేని గడ్డి షీట్ ఎవరికీ పనికిరాదు. ముసురు వదలట్లేదు, రోజూ న్యూస్‌పేపర్లు మార్చకపోతే బూజు పట్టేస్తుంది, మార్చిన పేపర్లు గ్యాస్ పొయ్యి పక్కన ఆరబెడుతుంటే మా ఆవిడ వంటింట్లో గడ్డి వాసన అంటోంది. రాలిన స్పైక్‌లెట్లు చిన్న కాగితం పొట్లంలో వేసి షీట్‌కి అంటించా. లేబుల్ మీద చోటు, తేదీ, నీడా ఎండా, నేల ఎలా ఉంది, పక్కన ఏమున్నాయి, ఎత్తు ఎంత, అన్నీ రాశా.

కాలేజీలో బోటనీ మేడం దగ్గరికి రెండు షీట్లు తీసుకెళ్ళా. నేనేం అనుకుంటున్నానో ముందు చెప్పలేదు, చెప్తే ఆవిడ కూడా అటే చూస్తారేమో అని. స్టీరియో మైక్రోస్కోప్ కింద పెట్టి చాలాసేపు చూసి, ముందు కణుపు, తర్వాత స్పైక్‌లెట్ మొన చూసి, "కంప్రెస్సస్ అండీ మాస్టారూ, మంచి షీట్ చేశారు, ఒకటి మా హెర్బేరియంకి ఇచ్చెయ్యండి" అన్నారు. ఎండబెట్టిన మొక్కల షీట్లు దాచే చోటది. ఇచ్చేశా. మొక్కల, జీవుల ఫోటోలు పెడితే నలుగురూ చూసి పేరు చెప్పే ఐ-నాచురలిస్ట్ సైట్‌లో కూడా కణుపు, లిగ్యూల్, వెన్ను, విప్పిన స్పైక్‌లెట్ ఫోటోలు విడివిడిగా పెట్టా, ఆకు ఒక్కటే పెడితే ఎవరూ ఏం చెప్పలేరు.

కుండీల సంగతి. నీడలో గరిక సన్నగా పొడుగ్గా లేచి పాలిపోయింది, ఆక్సోనోపస్ పార్కుదీ కడియందీ రెండూ నీడలో నిండుగా ఉన్నాయి. వానలు తెరిపిచ్చాక డాబా మీద నీళ్ళు ఆపి చూశా, ఆక్సోనోపస్ ఆకులు ముందు ముడుచుకుని అంచులు ఎండాయి, గరిక అప్పటికింకా నిలబడే ఉంది. దీని వేళ్ళు పైపైనే ఉంటాయి కాబట్టి ఇది ఊహించిందే, కానీ కమిటీకి కుండీలే తీసుకెళ్ళి చూపిస్తే ఎవరికీ ఇంకేం వివరించక్కర్లేదు.

నవంబర్, కార్తీకం

కమిటీ మీటింగ్ అయింది. కుండీలు బల్ల మీద పెట్టి, షీట్ చూపించి, నా మాట చెప్పా. చెట్ల కింద దీన్ని ఉంచేద్దాం, అక్కడ గరిక ఎలాగూ రాదు, తీసేస్తే వానకి మట్టి కొట్టుకుపోతుంది. మందు వద్దు. మందు అంటే అందరి మనసులో ఉన్నది గ్లైఫోసేట్, అది ఇదీ గరికా అని తేడా చూడదు, పైగా 2022 అక్టోబర్‌లోనే కేంద్ర ప్రభుత్వం దాన్ని పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్ల ద్వారా తప్ప వాడకూడదని ఆంక్ష పెట్టింది. పిల్లలు ఆడుకునే చోట నేను దానికి ఒప్పుకోను అని కూడా చెప్పా. కొత్త లాన్ కావాలన్న ఆయన "మరి ఎండాకాలం ఎండిపోతే?" అన్నారు. ఎండిపోతుందండి, నీళ్ళు పెట్టాలి, బోరు నీళ్ళు తగ్గితే మళ్ళీ మాట్లాడుకుందాం అన్నా. అదీ న్యాయమైన ప్రశ్నే.

నాకు ఎక్కువ బెంగ వెనక గేటు వైపు. అక్కడి నుంచి పంట కాలువ గట్టు మొదలవుతుంది, గట్టు మీద రకరకాల మన గడ్డులు, తుంగలు, చిన్న చిన్న పూల మొక్కలు ఉన్నాయి, తడి నేల, చెట్ల నీడ, అంటే దీనికి సరిగ్గా నచ్చే చోటు. పసిఫిక్ దీవుల్లో కొన్నిచోట్ల దీన్ని కలుపు కిందే లెక్కేస్తారు. గేటు దాటాక రెండు చోట్ల తీగలు కనపడ్డాయి, కోత మెషిన్‌కి అంటుకున్న ముక్కలే ఆ పని చేసుంటాయి, కణుపు ఉన్న ముక్క ఒక్కటి తడి నేల మీద పడితే చాలు. ఆ రెండు చోట్లా వేళ్ళతో సహా చేత్తో తీసేశాం, తాత, నేను, నా క్లాసు పిల్లలు.

అనుకున్న పనులు: గేటు వైపు అంచున ఇటుక వరస దించాలి, తీగలు దాటకుండా. మెషిన్ బ్లేడు గట్టు వైపు తీసుకెళ్ళే ముందు కడగాలి, తాత దీనికి ఒప్పుకున్నాడు. కోసిన గడ్డి కాలువలో పారేయడం ఆపాలి, పార్కులోనే ఒక మూల గొయ్యి తీసి ఎరువు చేద్దామన్నా, ప్రెసిడెంట్ గారు చోటు చూపిస్తానన్నారు. వెన్నులు రాకముందే కోసేస్తే గింజ పడదు, కాబట్టి నా ఇటుకల మూల కూడా ఇక కోసేయమన్నా. వచ్చే తొలకరికి గట్టు మీద పిల్లలతో గడ్డుల లిస్టు మొదలుపెడతాం, ఈసారి లెన్సులు ఇంకొన్ని కావాలి, హెడ్‌మాస్టర్ గారికి ఇండెంట్ రాసిచ్చా.